ఇనుప చువ్వ చూపలేని సూత్రం

పాఠశాల విజ్ఞాన గ్రంథాలలో కొన్ని ప్రయోగాలు చదవడానికి సులభం, చేయడానికి కష్టం. మరి కొన్ని చేయడానికి కూడా సులభమే. కాని అవి చూపదలచిన విషయాన్ని చూపవు. ఈ రెండవ రకం ఎక్కువ ప్రమాదకరమైనది. ప్రయోగం చెడిపోయిందని విద్యార్థికి తెలియదు. చాలాసార్లు ఉపాధ్యాయునికి కూడా అనుమానం రాదు. తీగ కొలతలకూ దాని విద్యుత్ నిరోధానికీ గల సంబంధాన్ని చూపే ప్రయోగం ఈ రెండవ రకానికి చెందినది.

2014లో అమలులోకి వచ్చిన పదవ తరగతి భౌతికశాస్త్ర పుస్తకంలో, విద్యుత్ ప్రవాహాన్ని గురించిన పాఠంలో, ఈ ప్రయోగం ఇనుప చువ్వలతో చేయవలసిన కృత్యంగా కనిపిస్తుంది. ఘటాన్ని, స్విచ్చిని, ఆమ్మీటరును వరుసగా కలిపి మధ్యలో కొంత ఖాళీ విడిచిపెట్టాలి. ఒకే లావు గల వేరు వేరు పొడవుల చువ్వలను ఒకదాని తరువాత ఒకటి ఆ ఖాళీలో కలిపి, ప్రతిసారీ ఆమ్మీటరు చూపే అంకెను వ్రాసుకోవాలి. మొదట తీసుకోవలసిన చువ్వ పది సెంటీమీటర్లది. చువ్వ పొడవు పెరిగిన కొద్దీ ప్రవాహం తగ్గుతుందని, కనుక నిరోధం పెరుగుతున్నదని విద్యార్థి గ్రహించాలి. తరువాతి కృత్యంలో పొడవు మార్చకుండా లావు మార్చి చూడాలి. ఈ రెండింటి మీద ఆధారపడి, నిరోధం పొడవుకు అనులోమానుపాతంలోను, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమానుపాతంలోను ఉంటుందనే సూత్రానికి పాఠం చేరుకుంటుంది.

ఈ పాఠంలో మెచ్చుకోవలసిన గుణం ఒకటి ఉన్నది. సూత్రాన్ని పలక మీద వ్రాసి బట్టీ పట్టించడానికి బదులు, ఒక్కొక్క రాశిని మాత్రమే మార్చి తక్కినవాటిని స్థిరంగా ఉంచే పద్ధతిని అది పిల్లల చేతికి ఇస్తున్నది. సామగ్రి కూడా ఊరిలో దొరికేదే. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతంలో సైకిలు బాగుచేసే దుకాణం లేని పెద్ద ఊరు ఉండదు. పాత చువ్వలు ఉత్తినే దొరుకుతాయి. చిక్కంతా ఆ చువ్వలోనే ఉన్నది.

సైకిలు చువ్వ వ్యాసం సుమారు రెండు మిల్లీమీటర్లు. దాని మధ్యచ్ఛేద వైశాల్యం సుమారు 3.1 చదరపు మిల్లీమీటర్లు. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేదం గల ఇనుప తీగకు నిరోధం దాదాపు 0.1 ఓము. ఈ లెక్కన పది సెంటీమీటర్ల చువ్వకు నిరోధం 0.003 ఓము, ముప్పై సెంటీమీటర్ల చువ్వకు 0.0095 ఓము. చువ్వ ఉక్కుదైతే ఈ అంకెలు కొంత పెరుగుతాయి, కాని తరహా మారదు. ఇక వలయంలోని తక్కిన భాగాలను చూడాలి. ఘటానికి అంతర్నిరోధం ఉన్నది. ఆమ్మీటరుకు, కలిపే తీగలకు, స్విచ్చికి, తుప్పు పట్టిన చువ్వను పట్టుకొన్న క్లిప్పులకు కూడా ఎంతో కొంత నిరోధం ఉంటుంది. ఇవన్నీ కలిపి ఒక ఓము అనుకొంటే, 1.5 వోల్టుల ఘటం పది సెంటీమీటర్ల చువ్వ గుండా 1.495 ఆంపియర్ల ప్రవాహాన్ని, ముప్పై సెంటీమీటర్ల చువ్వ గుండా 1.486 ఆంపియర్ల ప్రవాహాన్ని పంపుతుంది. పొడవు మూడింతలైతే ప్రవాహంలో వచ్చిన తేడా ఒక ఆంపియరులో నూరవ వంతు కూడా కాదు. పాఠశాల ఆమ్మీటరుపై ఒక గడి విలువ 0.05 ఆంపియరు ఉంటుంది. గడిలో ఐదవ వంతు కదలికను ఏ కన్ను పట్టగలదు? క్లిప్పును కొంచెం గట్టిగా నొక్కితే సూది అంతకంటె ఎక్కువ కదులుతుంది.

అయినా రికార్డు పుస్తకాలలో ఈ ప్రయోగం ఎప్పుడూ విజయవంతంగానే ముగుస్తుంది. పొడవు పెరిగింది, ప్రవాహం తగ్గింది అని పట్టిక చెబుతుంది. కొందరు పుస్తకం చూచి వ్రాస్తారు. ఆ సంగతి అందరికీ తెలిసినదే. కాని నిజాయితీగా చేసినవారికి కూడా ప్రవాహం తగ్గుతూనే కనిపించే అవకాశం ఉన్నది. ఇందులోనే అసలు విశేషం దాగి ఉన్నది. ఒకటిన్నర ఆంపియర్ల ప్రవాహం మామూలు పొడి ఘటానికి చాలా పెద్ద భారం. నిమిషం తిరిగేలోపున అది అలసిపోవడం మొదలుపెడుతుంది. దాని వోల్టేజి పడిపోతుంది, అంతర్నిరోధం పెరుగుతుంది. విద్యార్థి మొదట పొట్టి చువ్వను, తరువాత నడిమి చువ్వను, చివర పొడుగు చువ్వను కలుపుతాడు. ఘటం మొదట తాజాగా, చివర అలసి ఉంటుంది. ఆమ్మీటరులోని అంకె దిగిపోతుంది. చువ్వ పొడవు వల్ల తగ్గిందని విద్యార్థి వ్రాస్తాడు. నిజానికి తగ్గించినది ఘటం. జవాబు ఒప్పు, కారణం తప్పు. ఇదే ప్రయోగాన్ని పొడుగు చువ్వతో ప్రారంభించి పొట్టి చువ్వతో ముగిస్తే, పొడవు తగ్గిన కొద్దీ ప్రవాహం తగ్గిందనే విపరీతమైన ఫలితం వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఘటానికి బదులు బ్యాటరీ ఎలిమినేటరు వాడే పాఠశాలలో ఆ దిగుదల కూడా ఉండదు. అక్కడ సూది ఉన్నచోటనే ఉంటుంది.

ఈ పొరపాటుకు గొప్ప వంశమే ఉన్నది. గియార్గ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు; గణితం, భౌతికశాస్త్రం బోధించేవాడు. 1825లో ఆయన వేరు వేరు పొడవుల తీగలను తీసుకొని, పొడవుతో పాటు విద్యుత్ ప్రభావం ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన వాడినవి ఆ కాలపు వోల్టా ఘటాలు. వలయం మూసిన క్షణం నుండి వాటి బలం మారిపోతూ ఉండేది. ఆ కొలతల నుండి ఆయన రాబట్టిన సూత్రం లాగరిథంతో కూడినది; అది తప్పు. ఘటాన్ని విడిచి, సీబెక్ 1821లో కనిపెట్టిన ఉష్ణవిద్యుత్ యుగ్మాన్ని వాడి చూడమని, భౌతికశాస్త్ర పత్రిక సంపాదకుడైన పోగెన్‌డార్ఫ్ ఆయనకు సలహా ఇచ్చాడు. ఓమ్ బిస్మత్, రాగి లోహాలను జోడించి, ఒక అతుకును మరిగే నీటిలోను, మరొక అతుకును కరిగే మంచులోను ఉంచాడు. నీరు మరిగే ఉష్ణోగ్రత, మంచు కరిగే ఉష్ణోగ్రత మారవు కాబట్టి, వాటి నుండి పుట్టిన విద్యుత్ బలం కూడా మారలేదు. రెండు అంగుళాల నుండి నూట ముప్పై అంగుళాల వరకు ఎనిమిది పొడవుల రాగి తీగలతో 1826లో ఆయన మళ్ళీ కొలిచాడు. ఈసారి సరియైన సూత్రం దొరికింది.

ఆ సూత్రపు రూపాన్ని ఉపాధ్యాయులు శ్రద్ధగా గమనించాలి. ప్రవాహం తీగ పొడవుకు విలోమానుపాతంలో ఉన్నదని ఓమ్ వ్రాయలేదు. తీగ పొడవుకు ఒక స్థిరమైన అంకెను కలిపి, ఆ మొత్తానికి విలోమానుపాతంలో ఉన్నదని వ్రాశాడు. ఆ స్థిరమైన అంకె వలయంలోని తక్కిన భాగమంతటి నిరోధం. పరీక్షించే తీగ మాత్రమే వలయం కాదని ఆయన గుర్తించాడు. మన పాఠంలోని కృత్యం ఈ అంకెను మరచిపోయినది. ఇనుప చువ్వ ప్రయోగంలో ఆ మరచిపోయిన అంకె చువ్వ నిరోధానికి మూడు వందల రెట్లు! 1826 నాటి ఓమ్ సూత్రాన్ని నేర్పబోయి, పాఠం 1825 నాటి ఓమ్ పొరపాటును పిల్లల చేత చేయిస్తున్నదని చెప్పవలసి వస్తుంది.

పాఠంలో మరొక తొందరపాటు కూడా ఉన్నది. ‘తగ్గింది’ అన్నంత మాత్రాన ‘అనుపాతంలో తగ్గింది’ అని కాదు. మామిడి చెట్టు ఎక్కిన కొద్దీ భూమి దూరమవుతుంది. వయస్సు పెరిగిన కొద్దీ చూపు మందగిస్తుంది. ఈ రెండింటికీ ఒకే గణిత సంబంధం ఉండదు. పొడవు రెండింతలైతే నిరోధం సరిగ్గా రెండింతలైనదని అంకెలతో చూపనంత వరకు అనులోమానుపాతమనే మాట వాడే హక్కు లేదు. దానిని చూపాలంటే చువ్వ రెండు కొసల మధ్య వోల్టుమీటరు ఉండాలి. పాఠం స్థిరమైన పొటెన్షియల్ భేదమని అంటున్నది. అది ఘటం కొసల మధ్యనా, చువ్వ కొసల మధ్యనా అన్నది చదివేవారికి స్పష్టపడదు.

ఇక లావు సంగతి. తెలుగులో ‘లావు’ అనే మాట గుమ్మడికాయకూ సరిపోతుంది, మోకుకూ సరిపోతుంది. దాని ఉదారత్వమే ఇక్కడ ఇబ్బంది తెచ్చిపెడుతున్నది. రెండింతల లావు గల తీగ అంటే వ్యాసం రెండింతలా, మధ్యచ్ఛేద వైశాల్యం రెండింతలా? వైశాల్యం రెండింతలైతే నిరోధం సగమవుతుంది. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలై, నిరోధం నాల్గవ వంతుకు దిగుతుంది. స్క్రూగేజితో కొలిచేది వ్యాసాన్ని. సూత్రంలో ఉండేది వైశాల్యం. వ్యాసం కొలతలో నూటికి ఒక వంతు తప్పు జరిగితే నిరోధంలో నూటికి రెండు వంతుల తప్పు వస్తుంది. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే, తీగ వ్యాసాన్ని ఒకచోట మాత్రమే కొలిచి తృప్తిపడే అలవాటు కొంత తగ్గేది.

పొడవు, వైశాల్యం అనే రెండు రాశులను విడివిడిగా చూపడం నేర్చుకొనడానికి మంచిదే. కాని రెండూ ఒకేసారి మారే సందర్భం పాఠంలో వివరింపబడకుండా పరీక్షలో మాత్రం ప్రత్యక్షమవుతుంది. ఒక తీగను రెండింతల పొడవుకు సాగదీస్తే దాని నిరోధం ఎంత అవుతుంది? పొడవు రెండింతలైనది కాబట్టి నిరోధం రెండింతలని చాలామంది వ్రాస్తారు. ఎన్ని రెట్లు సాగితే దాని వర్గమంత అని కంఠస్థం చేసినవారు నాలుగింతలని వ్రాసి మార్కులు తెచ్చుకొంటారు. తీగ చుట్టలో నుండి రెండింతల పొడవు తుంచడం వేరు, ఉన్న తీగనే రెండింతలు సాగదీయడం వేరు అని రెండు పక్షాలవారికీ చెప్పినవారు లేరు.

ఈ విషయం చెప్పడానికి కరీంనగరంలో ఎంతో మంచి ఉదాహరణ ఉన్నది. అక్కడి వెండి తీగపనికి, అనగా ఫిలిగ్రీ పనికి, 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పని దగ్గరలోని ఎలగందులలో పుట్టి కరీంనగరానికి చేరిందని చెప్పుకొంటారు. అత్తరు దానులు, పాన్ దానులు, పళ్ళెములు, నగల పెట్టెలు, అన్నీ వెంట్రుకవంటి వెండి తీగను అల్లి, అతికి చేసినవే. ఆ తీగ తయారయ్యే సాధనానికి తెలుగులో కమ్మచ్చు అని పేరు. అది ఒక ఉక్కు పలక. దానిలో ఒకదానికంటె ఒకటి చిన్నవైన రంధ్రాలు వరుసగా ఉంటాయి. వెండి కడ్డీ కొసను సన్నగా చేసి, పెద్ద రంధ్రంలో దూర్చి, అవతలివైపు నుండి లాగుతారు. తరువాత దానికంటె చిన్న రంధ్రం, ఆ తరువాత మరింత చిన్నది.

వెండి ఎక్కడికీ పోదు. ఉన్న వెండి ఉన్నంతే. కాబట్టి తీగ ఎంత సన్నబడితే అంత పొడుగవుతుంది. మూడు మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మీటరు పొడవు గల వెండి కడ్డీని తీసుకొంటే, అది సుమారు 74 గ్రాముల బరువు తూగుతుంది. దాని నిరోధం 0.00225 ఓము మాత్రమే. ఒక్కొక్క రంధ్రం దాటినప్పుడు వ్యాసం పదవ వంతు తగ్గుతుందనుకొంటే, వైశాల్యం నూటికి 81 వంతులకు దిగుతుంది, పొడవు పావు వంతుకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. నిరోధం మాత్రం ఒకటిన్నర రెట్లవుతుంది. పొడవు పెరగడం వల్ల ఒకసారి, వైశాల్యం తగ్గడం వల్ల మరొకసారి అది పెరిగింది. ఇట్లా ఇరవై రెండు రంధ్రాలు దాటేసరికి వ్యాసం 0.3 మిల్లీమీటరు అవుతుంది. ఒక మీటరు కడ్డీ వంద మీటర్ల తీగగా మారుతుంది. నిరోధం పదివేల రెట్లు పెరిగి 22 ఓములు దాటుతుంది. అదే వెండి, అదే 74 గ్రాములు. సాగదీసిన తీగ సూత్రాన్ని దీనికంటె స్పష్టంగా చూపడం కష్టం. తీగల దుకాణంలో గేజి నంబరు పెరిగిన కొద్దీ తీగ సన్నబడడం పిల్లలకు ఎప్పుడూ వింతగా తోస్తుంది. పద్నాలుగవ నంబరు తీగ రెండు మిల్లీమీటర్లది. ముప్పయ్యవ నంబరుది మిల్లీమీటరులో మూడవ వంతు కూడా లేదు. ఎన్ని రంధ్రాలు దాటితే అంత పెద్ద నంబరు అని తలచుకొంటే వింత పోతుంది. పూర్వం ఆ నంబర్లు పుట్టినది కూడా తీగ లాగే పనిలోనే.

తీగపనివారు సన్నని తీగలను రెండేసి కలిపి పురిపెట్టి, చదును చేసి వాడుతారు. గుండ్రని తీగ పట్టీవలె మారినప్పుడు దాని ఉపరితలం పెరుగుతుంది. మరి నిరోధం? పొడవు సాగకుండా చదును చేయగలిగితే వైశాల్యం మారదు, నిరోధమూ మారదు. విద్యుత్తు తీగ పైపొరలో నడుస్తుందా, లోపలి లోహమంతటిలో నడుస్తుందా అనే ప్రశ్న ఒకప్పుడు పెద్దల మధ్యనే ఉండేది. హంఫ్రీ డేవీ 1821లో చేసిన ప్రయోగాలు, మధ్యచ్ఛేదపు ఆకారంతో నిమిత్తం లేదని, వైశాల్యమే ముఖ్యమని తేల్చాయి. (ఇది ఘటం ఇచ్చే ఏకముఖ ప్రవాహం మాట. అతివేగంగా దిశ మార్చే ప్రవాహాలు పైపొరనే ఆశ్రయిస్తాయి.) పదేపదే లాగిన వెండి గట్టిపడుతుంది, అప్పుడు దాని విశిష్ట నిరోధం కూడా కొద్దిగా పెరుగుతుంది. పనివారు దానిని మధ్య మధ్య కాల్చి మెత్తబరుస్తారు. పై లెక్కలో ఈ స్వల్ప భేదాన్ని విడిచిపెట్టడం జరిగింది.

చువ్వను తీసివేస్తే దాని స్థానంలో ఏమి పెట్టాలి? వెండి తీగ పనికిరాదు. ధర మాట అటుంచి, దాని నిరోధం మరీ తక్కువ. పాఠశాలకు తగినది నిక్రోమ్. ముప్పయ్యవ గేజి నిక్రోమ్ తీగ మీటరుకు సుమారు 14 ఓముల నిరోధం చూపుతుంది. ఇరవై సెంటీమీటర్ల ముక్కకు 2.8 ఓములు, నలభైకి 5.6, వందకు 14. తక్కిన వలయం ఒక ఓము అనుకొంటే, 1.5 వోల్టుల ఘటంతో ప్రవాహం వరుసగా 0.39, 0.23, 0.10 ఆంపియర్లు. ఒక ఆంపియరు వరకు చూపే ఆమ్మీటరులో ఈ తేడాలు కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. ఘటం కూడా అలసిపోదు. పొడవు రెండింతలైనా ప్రవాహం సగం కాలేదని తెలివైన పిల్లవాడు వెంటనే అడుగుతాడు, అడగాలి కూడా. ప్రవాహపు విలోమాన్ని పొడవుతో కలిపి గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది, కాని అది మూలబిందువు గుండా పోదు. దానిని వెనుకకు పొడిగిస్తే సున్నకు ఏడు సెంటీమీటర్ల అవతల అక్షాన్ని తాకుతుంది. ఆ ఏడు సెంటీమీటర్లే ఓమ్ కలిపిన స్థిరమైన అంకె: వలయంలోని తక్కిన భాగమంతా ఏడు సెంటీమీటర్ల నిక్రోమ్ తీగకు సమానమని అర్థం. వోల్టుమీటరు లేని పాఠశాల కూడా ఈ గ్రాఫు గీయవచ్చును.

వేరు వేరు గేజిల తీగలు దొరకనిచోట లావు ప్రయోగానికి ఒకే తీగ చాలు. సమానమైన మూడు ముక్కలు తుంచి, ముందు ఒకటి, తరువాత రెండు పక్కపక్కన చేర్చి, తరువాత మూడు చేర్చి కలపాలి. మీటరు తీగకు నిరోధం 14 నుండి 7కు, 7 నుండి 4.7కు దిగుతుంది. ఇక్కడ పెరిగినది వైశాల్యమే అన్నది కంటికి కనిపిస్తుంది కాబట్టి ‘లావు’ తెచ్చే తికమక ఉండదు. ఏ ప్రయోగంలోనైనా చివరి కొలత తరువాత మొదటి తీగను మళ్ళీ కలిపి చూడాలి. మొదటి అంకె మళ్ళీ రాకపోతే మారినది తీగ కాదు, ఘటం. ఈ ఒక్క వాక్యం పాఠంలో చేర్చితే ఇనుప చువ్వ గుట్టు అప్పుడే బయటపడేది.

ఈ లెక్క తప్పితే పోయేవి మార్కులు మాత్రమే కావు. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడిన నాటి నుండి, 1983లో రామగుండం జాతీయ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ నడిచిన నాటి వరకు, ఆ తరువాత కూడా, ఉత్తర తెలంగాణ పల్లెలలో విద్యుత్తుకు ముఖ్యమైన పని నీళ్ళు తోడడమే. ఈ తరగతి గదులలో కూర్చున్న పిల్లలలో చాలామంది ఇళ్ళలో బావి మోటారో బోరు మోటారో ఉన్నది. ఐదు అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకొంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నుండి బావికి 300 మీటర్లు, వేసినది నాలుగు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు అయితే, ఒక్కొక్క తీగకు నిరోధం 2.1 ఓములు. ఫేజుకు ఉండవలసిన 240 వోల్టులలో పదహారు వోల్టులు తీగలోనే పోతాయి. బావి 600 మీటర్ల దూరంలో ఉంటే ముప్పై రెండు. అసలు సరఫరాయే తక్కువగా ఉన్న రోజున ఈ నష్టం దానికి తోడవుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో అది ఐదారు రెట్ల ప్రవాహాన్ని కోరుతుంది. తీగలోని నష్టం కూడా అన్ని రెట్లవుతుంది. మోటారు తిరగక గుంయిమంటుంది, వైండింగు వేడెక్కుతుంది, కాలుతుంది. మోటారు మంచిది కాదని రైతు అనుకొంటాడు. పదకొండు వేల వోల్టుల లైనును పొలాల దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి 2000 తరువాత వ్యాపించినది; తక్కువ వోల్టేజి తీగ పొడవును తగ్గించడమే దానిలోని కిటుకు.

సర్వీసు వైరు మీద ముద్రించిన 4, 6, 10 అనే అంకెలు వైశాల్యాన్ని చెబుతాయి, వ్యాసాన్ని కాదు. 300 మీటర్లకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోయిన మోటారును 600 మీటర్ల దూరానికి మార్చినప్పుడు, నష్టం పెరగకుండా ఉండాలంటే ఎనిమిది చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. దుకాణంలో ఎనిమిది దొరకదు. ఆరు వేస్తే 21 వోల్టులు పోతాయి. పది వేస్తే సుమారు 13.